మూకీ బొమ్మకు మాటలు చెప్పిన మాస్టారు

మొన్న గుంటూరులో ఒక పాత మూకీ సినిమాను బాగుచేసి వేస్తున్నారంటే మా అమ్మాయి నన్ను తీసుకెళ్లింది. హాల్లో దీపాలు ఆరాయి. తెర మీద ఇద్దరు వస్తాదులు తొడలు చరిచారు, చప్పుడు మాత్రం లేదు. ఆ నిశ్శబ్దానికి నా ఒళ్లు జల్లుమంది. ఈ బొమ్మ నాకు తెలుసు. నా చిన్నప్పుడు పర్చూరులో దీనికి మాటలుండేవి. అవి మా డ్రిల్లు మాస్టారు మస్తాన్ గారివి.

మాస్టారి తండ్రి ఒకప్పుడు డేరా సినిమా నడిపేవాడు. ఆయన పోయాక ఒక ప్రొజెక్టరు, ఈ ఒక్క బొమ్మ మిగిలాయి. ఏటా బడిలో ఆటల పోటీలు ముగిసిన సాయంత్రం మాస్టారు గోడకు తెల్లపంచె కట్టి దాన్ని వేసేవారు. పక్కనే నిలబడి వస్తాదులిద్దరికీ రెండు గొంతులతో మాటలు చెప్పేవారు. కుస్తీలో గెలిచినవాడికే అమ్మాయి, కథంతా అదే. చివరి రీలు ఎప్పుడో పోయింది కాబట్టి సరిగ్గా పట్టు బిగిసే వేళకు తెర తెల్లబడేది. ఎవడు గెలిచుంటాడని మగపిల్లలు వాదులాడుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండి, ఆ పిల్ల నోరు విప్పదేమని ఒక ఏడు అడిగేశాను.

మాస్టారు తల గోక్కున్నారు. "నిజమేనమ్మాయ్, ఆ పిల్లకి మాటలు పెట్టాలని నాకు తట్టనే లేదు. వచ్చే ఏడు నువ్వే చెప్పు. వెనక కూర్చున్నోళ్లకి కూడా వినపడాలి" అన్నారు.

మరుసటి ఏడు మాస్టారి పక్కన నిలబడి చెప్పాను: "పందెం కాసేముందు నన్నడగండి." అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

నా డిగ్రీ పూర్తయ్యాక ఆ కథే మా ఇంటికొచ్చింది. మేనమామ కొడుకు, మేనత్త కొడుకు ఇద్దరూ ఒంగోలు గిత్తల్ని మేపేవాళ్లు. తిరునాళ్ల బండలాగుడులో ఎవరి జత గెలిస్తే పిల్ల వాళ్లదేనని ఎవరో సరదాకి అన్నారు. నాన్న నవ్వుతూ సరేనన్నారు. పోటీ దగ్గరపడేసరికి ఆ మాట కాస్తా ఖాయమై కూర్చుంది, అమ్మ చీరాల వెళ్లి చీరలు కూడా చూసొచ్చింది. నాకేమో బి.ఇడి. చదివి టీచరు కావాలని ఉంది. ఇంట్లో చెప్పడానికి ధైర్యం చాలలేదు.

పోటీ రోజు మైకు ఎప్పటిలాగే మస్తాన్ మాస్టారి చేతిలో ఉంది. ఆడవాళ్ల మధ్య నిలబడ్డ నన్ను చూశారు. నా ముఖంలో ఏం కనిపించిందో మరి, గిత్తల్ని కాసేపు ఆపమన్నారు.

"ఈ గెలుపు మీద ఇంకో పందెం కూడా ఉందని విన్నానండి. ఆ పిల్ల మాటా విందాం" అని మైకు నా వైపు చాచారు.

వెళ్లి మైకు అందుకున్నాను. "నాన్నా, గిత్తలు లాగేది బండని, నన్ను కాదు. నేను చదువుకుంటాను" అన్నాను. ముందుగా మేనమామే నవ్వి, పిల్ల చెప్పింది సబబేనన్నాడు. నాన్న తలెత్తలేదు. చాన్నాళ్లు మాస్టారితో మాట్లాడలేదు కూడా. నన్ను మాత్రం చదివించారు.

మొన్నటి సినిమాలో చివరి రీలు ఉంది. ఎక్కడో దొరికిందట. గెలిచినవాడు మెడ వంచాడు, ఆ అమ్మాయి దండ వేసింది. ఆమె పెదవులు ఒక్కసారైనా కదల్లేదు. నాకు దుఃఖం ఆగలేదు.

"పందెం కాసేముందు నన్నడగండి" అన్నాను, వెనక వరసకు వినపడేట్టు.

జనం తిరిగి చూశారు. ఎవరితో మాట్లాడుతున్నావమ్మా అంటూ మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"మా మాస్టారు లేరు కదే" అన్నాను. "వస్తాదులు ఎలా పోయినా, ఈ పిల్ల మాట నేను చెప్పాల్సిందే."