గుండ్రం అంటే ఐదు

1982 నవంబరు పదహారు, మంగళవారం, ఉదయం పదింబావు. ఆ సమయానికి నా కుడిచెయ్యి మణికట్టు దాటి ఒక సింకు కన్నంలో ఇరుక్కుని ఉంది. అక్షరం ముక్క రానిదానికి టైము ఎలా తెలిసిందంటారేమో. గడియారం ఎదురుగా గోడమీదే ఉంది. ముల్లు ఎక్కడుందో చూస్తే చాలు, అంకెలతో పనిలేదు. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. అందుకే ఈ సంగతి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

అది కువైట్‌లో ఒక అమెరికా హైస్కూలు. చమురు పనికి వచ్చిన దొరల పిల్లలూ, డబ్బున్న అరబ్బుల పిల్లలూ చదివేవారు. నేను కోనసీమ నుంచి వెళ్ళి అక్కడ ఊడ్చి తుడిచే పనిలో చేరాను. తెల్లారకుండానే రిగ్గై అనే పేటలో మా గది దగ్గర బస్సు ఎక్కించుకునేవారు.

ఆ బడి రెండు వైపులుగా ఉండేది. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు ఒక వైపు. వడ్రంగం, కారు బాగుచెయ్యడం, టైపు, వంట ఇంకో వైపు. మా దేశంలో చదువు అబ్బనివాడికి పని నేర్పుతారు. అక్కడ పనికి కూడా పరీక్షా, మార్కులూ. పుస్తకాల వైపు చీమ చిటుక్కుమనేది కాదు. పనుల వైపు ఎప్పుడూ మోతే. నాకు పనుల వైపు ఇచ్చారు. ఆ వైపు ప్రతి గదిలోనూ మనిషిని తినే వస్తువు ఒకటి నోరు తెరుచుకుని ఉండేది. వడ్రంగం గదిలో రంపం. కార్ల గదిలో బండిని పైకెత్తే కరెంటు జాకీ, దాని కిందకి దూరే కుర్రాళ్ళు. వంటగదిలో అయితే సింకు కన్నం.

ఆ కన్నం కింద చెత్త నూరే మిషను ఉండేది. నేను చేరిన మొదటి రోజే వంట నేర్పే అమెరికా టీచరమ్మ నన్ను పిలిచి, కోడి తొడ ఎముక ఒకటి అందులో పడేసి, గోడమీద మీట నొక్కింది. సింకు మొత్తం వణికింది. కాసేపటికి అంత ఎముకా పిండై నీళ్ళలో పోయింది. ఆవిడ తన వేళ్ళు చూపించి, తల అడ్డంగా ఊపి, "నో" అంది. మాట రాకపోయినా నాకు అర్థమైంది. ఆ మీటకి ఆనుకునే దీపం మీట. రెండూ కవలపిల్లల్లా ఒకేలా ఉండేవి. వాటి పక్కగా వెళ్తే కొంగు దగ్గరికి లాక్కునేదాన్ని.

ఆ బడిలో నాతో తెలుగు మాట్లాడేవాడు ఒక్కడే ఉండేవాడు, కడప వైపు కుర్రాడు. తమ్ముడూ అని పిలిచేదాన్ని. వాడు ఫరాష్. అంటే తలుపులు తియ్యడం, సామాన్లు మొయ్యడం, కరెంటు పెట్టె తాళంచెవి దగ్గర పెట్టుకోవడం. చదువు వాడికీ లేదు. కానీ అంకెలు వచ్చు. ఊళ్ళో రంగు చూసి నోటు గుర్తుపట్టినవాడు, కువైట్ వచ్చాక బస్సుల మీదా, కూరగాయల అంగడి పలకల మీదా చూసి సొంతంగా నేర్చుకున్నాడు. నాకూ నేర్పాడు.

"నిలువు గీత ఒకటక్కా. గుండ్రం అయిదు. చుక్క పెడితే సున్నా. ఇంతేనే లెక్కంటే."

"మరి సున్నా గుండ్రంగా ఉంటాదంటారు కదరా?"

"ఎవురన్నారు? బస్సు మీద నేను చూడలే? నాకంటే నీకు ఎక్కువ తెల్సా?"

తెలియదు. అందుకే నేనూ గుండ్రం అయిదనే నేర్చుకున్నాను.

వాడికి ఇంకో అలవాటు. ఏ పని చేసినా చేశానని నోటితో చెప్పి ఊరుకోడు. బల్బు మారిస్తే మీట నొక్కి చూపించాలి. కొళాయి బిగిస్తే తిప్పి చూపించాలి. చూపిస్తేనే వాడికి పని అయినట్టు.

ఆ మంగళవారం పదిన్నరకి ఆడపిల్లలకి వంట పరీక్ష. గుడ్డట్టు వెయ్యాలి. మా తమ్ముడు ఆ మాట విని పొద్దున్నే పగలబడి నవ్వాడు. "గుడ్డట్టుకు మార్కులా! అట్లయితే మా అవ్వకు ఈళ్ళు పెద్ద పట్టా ఇయ్యాల."

సింకు కడుగుతుంటే చిన్న చెంచా ఒకటి జారి కన్నంలో పడింది. టీచరమ్మ చూసింది. మిషను తిరిగితే చెంచా నలిగి, మిషనూ పాడైపోతుంది. తమ్ముణ్ణి పిలిచి "ఫిఫ్టీన్, ఆఫ్" అంది. తర్వాత నా చేతిని, కన్నాన్ని చూపించి, తియ్యమని సైగ చేసి, గుడ్లు తేవడానికి సామాన్ల గదికి వెళ్ళింది.

"పదైదు నంబరు ఆర్పమంటాంది. నేను పోయి ఆర్పేస్తా. నువ్వు చెయ్యి పెట్టు," అన్నాడు వాడు. కరెంటు పెట్టె వరండా చివర ఉంది.

"ఆరాక చెప్పు, అప్పుడు పెడతాను."

"యాల, నన్ను నమ్మవా?"

వరండాలోంచి పెట్టె తలుపు తీసిన చప్పుడైంది. టక్‌మని మీట పడింది. "ఆర్పేసినాక్కా!" అని కేక. నేను చెయ్యి లోపలికి దూర్చాను. కన్నానికి రబ్బరు పెదవి ఉంది. నా చేతికి కీళ్ళ నొప్పులకి వేసుకున్న రాగి కడియం ఉంది. లోపలికి సులువుగానే దిగింది. చెంచా అందలేదు. ఇనుప పళ్ళు మాత్రం వేళ్ళకి చల్లగా తగిలాయి. వెనక్కి లాగబోతే కడియం రబ్బరు కింద అడ్డం తిరిగి బిగుసుకుంది.

అప్పుడే గమనించాను. పక్క గది చప్పుడు ఆగిపోయింది.

పక్కది టైపు గది. కరెంటు మిషన్ల మీద ఒక తరగతి మొత్తం కొడుతుంటే గోడ అవతల వడగళ్ళు పడుతున్నట్టుండేది. పొద్దున్నించీ ఆగని ఆ చప్పుడు ఇప్పుడు ఒక్కసారిగా పోయింది. గంట కొట్టలేదు, పిల్లలు లేవలేదు. కరెంటు అక్కడ పోయిందంటే ఇక్కడ పోలేదన్నమాట. నా వేళ్ళకి ఆనుకున్న పళ్ళు చచ్చినవి కావు, పడుకున్నవి.

తమ్ముడు తాళంచెవి తిప్పుకుంటూ లోపలికొచ్చాడు. "సూడక్కా, ఇబ్బుడు ఎట్ల సచ్చిందో," అంటూ మీట మీదకి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు!"

"ఏందక్కా, భయమా? తిరగదు లే. చూపిస్తా గదా."

"ఒరే, నా చెయ్యి లోపలుందిరా! ముట్టుకున్నావంటే చంపేత్తాను. టైపు గది ఆగిపోయింది, ఇనపడతల్లేదా?"

"దానికీ దీనికీ ఏం సంబంధం? నా అంకెల మీద నీకు నమ్మకం లే, అదీ సంగతి," అని నవ్వాడు. వేలు మీట మీద ఆనింది. పరీక్షకి వచ్చిన ఆడపిల్లలు అప్పటికే గుమ్మంలో చేరారు. వాళ్ళకి మా మాట రాదు. మేము పరాచికాలు ఆడుకుంటున్నామనుకుని వాళ్ళూ నవ్వారు.

టైపు నేర్పే లెబనాన్ టీచరమ్మ వాళ్ళని తోసుకుంటూ వచ్చింది. "నా గది కరెంటు ఎవడు తీశాడు?" అని మాకు అర్థమయ్యే అరబ్బీలో గట్టిగా అరిచింది. తమ్ముడు ఉలిక్కిపడి ఆవిడ వైపు తిరిగాడు. వేలు మీట మీంచి జారింది. ముఖంలో నవ్వు పోయింది.

గుడ్ల బుట్టతో అమెరికా టీచరమ్మ తిరిగొచ్చి నన్ను చూసి బుట్ట కింద పెట్టేసింది. గిన్నెలు తోమే సబ్బు నా చేతి చుట్టూ పోసింది. తిప్పి, తిప్పి లాగింది. తోలు లేచిపోయింది గానీ చెయ్యి బయటికి వచ్చింది. నన్ను వెనక్కి నెట్టి, అందరినీ దూరం జరగమని, నిజంగా ఆరిందో లేదో చూడ్డానికి మీట నొక్కింది.

మిషను తిరిగింది. చెంచా లోపల గిలగిల కొట్టుకుంది. ఆ చప్పుడుకి ఒక పిల్ల ఏడ్చేసింది.

టీచరమ్మలు తమ్ముణ్ణి పెట్టె దగ్గరికి తీసుకెళ్ళారు. నేనూ తడి చేత్తో వెనకాలే వెళ్ళాను. పడి ఉన్న మీట పక్కన నిలువు గీత, గుండ్రం. "ఇదే గదా పదైదు!" అన్నాడు వాడు. అమెరికా ఆవిడ అది పది అంది. లెబనాన్ ఆవిడకి రెండు రాతలూ వచ్చు. ఆవిడ ఆ అంకె చూసి, వాణ్ణి చూసి, అరబ్బీ రాతలో చదివితే అది పదిహేనే, వీడు తప్పు చదవలేదు అని చెప్పింది. పెట్టె మీద ఉన్నది ఇంగ్లీషు రాత. నిలువు గీత రెండింటిలోనూ ఒకటే. ఇంగ్లీషులో గుండ్రం సున్నా, అరబ్బీలో గుండ్రం అయిదు. నేనూ పదిహేననే చదివాను. నన్ను పంపినా అదే మీట ఆర్పేదాన్ని.

తమ్ముడు పెట్టెలో మీటల వరసల మీద ఒక్కొక్క అంకే వేలితో తడుముకుంటూ పోయాడు.

"అక్కా, రంపానికి పళ్ళు మార్చేటప్పుడు ఆర్పేది నేనే. కార్ల గదిలో పిలగాళ్ళు కిందికి దూరేటప్పుడూ నేనే ఆర్పేది," అన్నాడు మెల్లగా. "ఇన్ని దినాలూ ఏది ఆర్పినానో, ఏది ఆర్పలేదో..."

వరండా అవతల కార్ల గదిలో జాకీ పైకి లేస్తున్న చప్పుడు వినపడింది. కింద పిల్లలున్నారేమోనని తమ్ముడు తాళంచెవి నేలమీద పడేసి అటు పరిగెత్తాడు.