ఆయమ్మ ఎంగిలి

మా రబ్బరు తోట ఆస్పత్రి ఆయమ్మ అరచెయ్యి ఎప్పుడూ గంజి వాసనే. రుచి చూడాలంటే చేతిలో పోసుకునేది. రోగుల గిన్నెకి పెదవి తగలనిచ్చేది కాదు.

నేనూ మా అత్తా చలిజ్వరంతో పడున్నప్పుడు తనిఖీకి తెల్ల డాక్టరు వచ్చినాడు. ఆ పూట మాత్రం దొర బంగళా నుంచి మాకు కుండెడు పాలు వచ్చినాయి. డాక్టరు చూసి, తలూపి వెళ్ళిపోయినాడు. కారు మలుపు తిరగ్గానే ఆస్పత్రి నడిపే డ్రెస్సరు అరిచినాడు.

"పాలు తిరిగి బంగళాకి తీసుకుపో!"

ఆయమ్మ కుండెత్తి, అంచుకి నోరుపెట్టి గుటకేసింది.

"ఎంగిలైపోనాది బాబూ. దొరగారికెలాగ పంపుతారు?"

డ్రెస్సరు బెత్తం ఎత్తినాడు. ఆమె కదల్లేదు.

కన్నకూతురి ఎంగిలైనా ముట్టని మా అత్త రేకు మగ్గు చాపింది.

"ముందు నాకు పొయ్యమ్మా."