నేను కప్పించిన గోళ్లు

నా భార్య గోళ్లు పాడవుతున్నాయని మొదట కనిపెట్టింది నేనే. ఆ తరువాత ఆరు నెలలు వాటిని ఎవరూ చూడకుండా చేసింది కూడా నేనే.

పొట్టకూటికి వచ్చిన ఈ పరాయి రాష్ట్రపు మగ్గాల నగరంలో, ఖటోదరా పేటలో ఇద్దరం ఒకే కార్ఖానాలో పని చేస్తున్నాం. ఆమె కింద, బట్టను పరిచి తప్పులు చూసే హాల్లో. నేను పైన, మగ్గాల దగ్గర. ఏడో తరగతితో నా చదువు ఆగింది. ఏ మగ్గం నుంచి రోజుకు ఎంత బట్ట దిగుతుంది, అందులో ఎన్ని తప్పులు పడతాయి, ఇవన్నీ పాత నోటుబుక్కుల్లో గళ్లు గీసుకుంటూ సొంతంగా నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ తప్పుల లెక్క రాయడమే నా ఉద్యోగం.

వంద మీటర్లు దాటిన బట్ట చుట్టను ఇక్కడ టాకా అంటారు. చలికాలంలో మా టాకాలు కొన్నవాళ్ల దగ్గర నుంచి తిరిగి రావడం మొదలైంది. బట్ట మీద అక్కడక్కడ దారం లేచి ఉంటోంది. సేటు మగ్గాలను అనుమానించాడు. నేను మూడు వారాలు రాసి చూశాను. మగ్గాల వారీగా చూస్తే ఏమీ తేలలేదు. బల్లల వారీగా చూస్తే తేలింది. మిగతా బల్లల మీద టాకాకు ఒకటో రెండో, నాలుగో బల్ల మీద తొమ్మిది. నాలుగో బల్ల నా భార్యది.

ఆ సాయంత్రం డిండోలిలో మా గదికి రాగానే ఆమె చేతులు చూపించమన్నాను. గోళ్లు పలచబడ్డాయి. అంచులు ఉల్లిపొరల్లా విడిపోతున్నాయి. ఆ అంచులే బట్టను పీకుతున్నాయి.

"గిట్ల ఎప్పటి సంది?" అన్నాను.

"అందరియి గట్లనే ఉంటయ్ తియ్యి. పొద్దుందాక బట్ట రాసుకుంటుంటే గోర్లు మిగుల్తయా?"

ఆ మాట నాకు సబబుగానే తోచింది. మా పనిలో ఎవరి గోళ్లు బాగున్నాయి? నావి మెషిన్ నూనెతో నల్లబడి పదేళ్లయింది. అరిగిన పనిముట్టును చూసినట్టే మేము గోళ్లను చూస్తాం.

మర్నాడు మందుల షాపు నుంచి తెల్లని గుడ్డ పట్టీ తెచ్చాను. పది వేళ్లకూ, గోరు మొత్తం మూసుకునేలా ఎలా చుట్టాలో నేనే చూపించాను. వారం తిరిగేసరికి తొమ్మిది కాస్తా ఒకటైంది. సేటు హాల్లో ఉన్న పదకొండు మంది ఆడవాళ్లకూ పట్టీలు చుట్టించాడు. నేను గర్వపడ్డాను. ఇంట్లో కూడా ఆమె వాటిని తీసేది కాదు. సబ్బు నీళ్లు తగిలితే మండుతుందనేది. తడిస్తే స్నానాల గదిలోనే మార్చుకునేది.

ఆ రోజుల్లోనే నాకు ఇంకో లెక్క తప్పింది. ఇరవై ఐదు కిలోల బియ్యం సంచి మా ఇద్దరికీ నలభై ఐదు రోజులు వచ్చేది. అది ముప్పై ఎనిమిదికే ఖాళీ అయింది. అంటే రోజుకు వంద గ్రాములు ఎటో పోతున్నాయి. కిరాణా షాపుకు పోయి తూకం మీద గొడవపడ్డాను.

"భాయ్, కాంటా నీ ముందరే ఉంది, తూచుకో" అన్నాడతను. తూచాను. సంచి సరిగ్గానే ఉంది. అయినా షాపు మార్చాను.

ఆషాఢంలో మా అక్క నవాగామ్ నుంచి గోరింటాకు నూరుకుని డబ్బాలో తెచ్చింది. ఇంట్లో కూర్చుని బాబిన్లు చుట్టే మనిషి, నోరు పెద్దది.

"ఆషాఢంల వేళ్లకు ఈ కట్లేందే పిల్లా? ఏమన్న దెబ్బలు తాకినయా? తియ్యి."

"వద్దు వదినె, మల్ల చుట్టుకోవాలె."

అక్క వినలేదు. మరదలి చేతులు ఒళ్లోకి లాక్కుని ఒక్కొక్క పట్టీ ఊడదీసింది. నాలుగోది తీసి ఆ వేలిని వెలుతురుకు పట్టి చూసింది. నేను టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"ఇగో, లెక్కలోడా! ఇటు రా. పెండ్లాం గోర్లు ఎన్నడన్న చూసినవా?"

వెళ్లి చూశాను. ఎరుపన్నది లేదు, కాగితంలా తెల్లగా ఉన్నాయి. నడుమ గుంట పడి, అంచులు పైకి లేచాయి. అక్క తడి వేలితో బొటనవేలి గోరు మీద ఒక నీటి చుక్క వేసింది. అది జారలేదు. చెంచాలో నిలిచినట్టు నిలిచింది.

"పని మీద గట్లయినయ్ అక్కా" అన్నాను.

"ఏం పని? ఇరువై ఏండ్ల సంది దారంతోనే బతుకుతున్న. నా గోర్లు అరిగినయ్ గని గుంటలు పడలే." మరదలి కంటి కింద రెప్ప లాగి చూసింది. "అబ్బో, లోపల సుత రక్తం లేదు. ఏమే, పచ్చి బియ్యం బుక్కుతున్నవా?"

నా భార్య దొంగతనం దొరికిన పిల్లలా నవ్వింది. "జరంత. తినబుద్ధయితది."

నా వంద గ్రాములు అక్కడ దొరికాయి.

మర్నాడు ముగ్గురం దవాఖానాకు పోయాం. డాక్టరమ్మ ఏమీ అడగకముందే గోళ్లు చూసి రక్తపరీక్ష రాసింది. హిమోగ్లోబిన్ ఐదు పాయింట్ నాలుగు. ఇంత తక్కువతో ఈమె నడిచి వచ్చిందా అని హిందీలో అడిగింది. ఒంట్లో ఇనుము తగ్గితే గోరు బలం పోయి ఇలా గుంట పడుతుందని, ఇది నెలల తరబడి జరిగేదని చెప్పింది. తరువాత, నెలసరి ఎన్ని రోజులు ఉంటుందని నన్నడిగింది. ఇంట్లో ప్రతిదానికీ లెక్క చెప్పే మనిషిని, ఆ లెక్క నా దగ్గర లేదు.

"బారా దిన్" అంది నా భార్య. పన్నెండు రోజులు. ఒక్కోసారి పదిహేను. దీపావళి ముందు నుంచి. నెలనెలా ఎన్ని రోజులో వరసగా చెప్పింది. ఒక్క నెల కూడా తడుముకోలేదు.

బయటికొచ్చాక అడిగాను. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం చేస్తుంటివి? బుక్కుల రాస్తుంటివి." కొంచెం దూరం నడిచాక మళ్లీ అంది. "పది దినాలు పనికి పోకుంటే నా బల్లకు ఇంకొకరిని పెడ్తరని భయం. ఆపరేషన్ అంటరని ఇంకో భయం. నువ్వు పట్టీలు తెచ్చినంక గోర్ల బాధ గూడ లేకపాయె. ఇంకేం చెప్పాలె?"

అక్క ఆమె చెయ్యి పట్టుకుని నా ముందు నడిచింది.

స్కానింగులో గర్భసంచిలో గడ్డ కనిపించింది. రెండు సీసాల రక్తం ఎక్కించారు, ఇనుము మాత్రలు ఇచ్చారు. రక్తం పదికి వస్తే గర్భసంచి తీసేస్తామన్నారు. రక్తం ఎక్కాక ఏడు పాయింట్ ఆరు వచ్చింది. నెల తిరిగేసరికి ఎనిమిది పాయింట్ మూడు. గోళ్ల మొదళ్లలో కొత్త గోరు చదునుగా వస్తోంది, పాత గుంట కొసలకు జరుగుతోంది. రోజూ కిటికీ దగ్గర చేయి పట్టుకుని చూసేవాణ్ని.

"టాకా చూసినట్టు చూడకు" అని చేయి లాక్కునేది.

ఈ నెల రక్తస్రావం మళ్లీ ఆగలేదు. ఈసారి మాత్రం రోజూ పొద్దున తనే చెప్పింది, ఇయ్యాల ఐదు, ఇయ్యాల ఆరు అని. ఎనిమిదో నాడు లేచి నిలబడలేకపోయింది. ఆటోలో తీసుకొచ్చాను. రిపోర్టు ఆరు పాయింట్ రెండు.

ఇది వార్డు బయట బెంచీ మీద రాస్తున్నాను. నిన్న మళ్లీ రెండు సీసాలు ఎక్కాయి. పొద్దుటి రిపోర్టు ఎనిమిది పాయింట్ ఒకటి. పది కావాలన్న డాక్టరమ్మే ఇప్పుడు ఎనిమిదికి సరేనంది. తక్కువైన ఆ రెండింటి వల్ల ఏమవుతుందని అడిగాను. భయం లేదని చెప్పలేను, ఆగితే ఇంకా భయం అంది. ఇది నేను కూడి తీసి తేల్చే లెక్క కాదు.

ఇందాక లోపలికి వెళ్తే నా భార్య కళ్లు తెరిచింది.

"ఏందయ్యా, బయట కూసొని ఏం రాస్తున్నవ్?"

"ఏం లే."

"వదినె పొద్దుగాల సంది ఏం తినలే. తీస్కపోయి తినిపియ్యి. నేను ఏడికి పోత?"

అక్కను తీసుకుపోలేదు. మరదలి మంచం వదిలి రానంది. మధ్యాహ్నం రెండు గంటలకు ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోతారట. ఇంకా గంటా పది నిమిషాలు ఉంది.