ఎర్ర చీటీల బీరువా

రిటైరు కావడానికి మూడేళ్ల ముందు, జూన్ నెలలో, రాయదుర్గంలోని ఒక పెద్ద బీమా సంస్థ రికార్డు గదికి నన్ను ఇన్‌చార్జిగా వేశారు. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మాస్టారికి దొరక్కుండా తిరిగినవాణ్ని, దాచే పనిలో అనుభవం ఉన్నట్టే లెక్క.

అక్కడ కాగితాలు నాలుగు రకాలు. ఎవరైనా చూడదగ్గదానికి పచ్చ చీటీ, సిబ్బంది వరకే అయితే పసుపు, ఒక శాఖ వరకే అయితే నీలం, పేరు రాసిన ఒకరిద్దరికే అయితే ఎరుపు. ఎరుపుది ఇనప బీరువాలో ఉండాలి, తీయాలంటే రెండు సంతకాలు కావాలి. చీటీ అతికించేదీ మార్చేదీ ఆ శాఖ అధికారి. నాది కాపలా.

ఎరుపు వేసినందుకు ఎవరికీ మెమో రాదు. అందుకని అందరూ ఎరుపే వేశారు. క్యాంటీన్ మెనూ, కొండాపూర్ బస్సు వేళలు కూడా రహస్యాలే. బీరువా నిండిపోయి, కొత్తగా వచ్చినవి అట్టపెట్టెల్లో నడవాలోకి చేరాయి.

ఒకరోజు క్లెయిమ్స్ విభాగం సుగుణమ్మ వచ్చింది. ఆ ఏడాది ఆమెకు ఆపరేషన్ అయింది. ఏ జబ్బుకో ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. తన ఫైలు బీరువాలోనే ఉందా అని అడిగింది. వెతికితే నడవాలో, బస్సు వేళల కింద దొరికింది. దారినపోయే ఎవరైనా తీసి చదవొచ్చు. ఉద్యోగులు తమ ఫైలును గది దాటించకూడదని నియమం. ఆమె దాన్ని గుండెలకు అదుముకుని కుర్చీలో కూర్చుంది.

“బీరువాలో చోటు చూపించండి, ఇచ్చేస్తానండి.”

రెండు సంతకాలూ పెట్టించి, బీరువాలోంచి ఒక పాత మెనూ తీసుకుని, క్యాంటీన్ వ్యవహారాలు చూసే అడ్మిన్ అధికారి దగ్గరికి వెళ్లాను.

“సార్, ఈ పాలకూర పప్పు ఎవరెవరు చూడొచ్చు?”

“ఏంది యాదగిరీ, మజాకా?”

“కాదు సార్. పప్పు బీరువల ఉంది. ఆడమనిషి దవాఖాన కాగితాలు నడవాల ఉన్నయి.”

ఆయన నా చేతిలోంచి మెనూ తీసుకున్నారు. మెనూలన్నిటికీ అప్పుడే పచ్చ చీటీ రాసిచ్చారు. ఆ చోటులో సుగుణమ్మ తన చేతులతోనే ఫైలు పెట్టి, తాళం పడ్డాక లాగి చూసుకుని వెళ్లింది.

ఆ వారమే ఆయన సర్క్యులర్ పంపారు. ఎర్ర చీటీ వేసేవారు, కాగితం బయటపడితే ఎవరికి నష్టమో కూడా రాయాలి. క్యాంటీన్ మేనేజర్ మాత్రం కొత్త మెనూకు ‘వంటవాడికి’ అని రాసి పంపాడు. నిజమే కానీ అధికారి ఒప్పుకోలేదు. నెల తిరక్కుండా నడవా ఖాళీ అయింది, బీరువాలో ఒక అర మిగిలింది కూడా.

ఏ కాగితానికి ఎంత కాపలా అన్నది, అది బయటపడితే నలుగురిలో ఇబ్బంది పడే మనిషిని బట్టి తేల్చాలని అక్కడ నేర్చుకున్నాను. ఆ మనిషి ఎవరో చెప్పలేని కాగితానికి తర్వాత ఎన్నడూ తాళం వేయలేదు.