ముత్యం మోకాళ్లు

వద్దన్న పని చేయడం, చేయమన్న పని మానేయడం: ముత్యం స్వభావమే అంత. గనిలో చేరిన నాటి నుంచి రిటైరయ్యేదాకా వచ్చిన ప్రతి సూపర్‌వైజర్‌తోనూ వాదించాడు. ఆ తర్వాత ఆ వాదనలన్నీ గని కార్మికుల సెంటినరీ కాలనీలో భార్య సారక్క వాటాకు వచ్చాయి. గొడుగు తీసుకెళ్లమంటే తడిసి వచ్చేవాడు. అందుకే ఆమె అన్నం తినమని కూడా అనేది కాదు. వడ్డించి ఊరుకునేది.

బొగ్గు పనిలో ఆయన మోకాళ్లు అరిగిపోయాయి, కాళ్లు విల్లులా వంగాయి. కీళ్లు మార్పించుకోమంటే ససేమిరా అన్నాడు. సారక్క తన నడుమునొప్పి చూపించుకోవాలని చెప్పి హైదరాబాద్ దవాఖానకు వెంటబెట్టుకుపోయింది.

అక్కడ డాక్టర్ ముత్యం కాళ్లు చూసి, కంప్యూటర్ తెర మీద మోకాలి బొమ్మ చూపించాడు. ఎముకలకు చిన్న గుర్తులు బిగిస్తే కెమెరా వాటిని కనిపెడుతుందని, కాలు ఎంత వంకరో, ఎముక ఎక్కడ ఎంత కోయాలో తెర మీద తెలుస్తుందని చెప్పాడు.

"దానికి మోకాళ్లున్నయా సార్?" అన్నాడు ముత్యం.

"లేవు."

"మరి నా మోకాళ్ల సంగతి దానికేం ఎరుక?"

"దానికి నొప్పి తెలియదు, వంకర తెలుస్తుంది. కోసేది మాత్రం నేనే. ఇష్టం లేకపోతే ఇంటికి వెళ్లిపోండి."

వెళ్లిపొమ్మన్నాడు గనక ముత్యం అక్కడే కూర్చుండిపోయాడు. సారక్క డాక్టర్‌కు మనసులోనే దండం పెట్టుకుంది.

ఆపరేషన్‌తో కాళ్లయితే తిన్నగా అయ్యాయి గానీ, మోకాలు వంచే కసరత్తు ఆయన ప్రాణం తోడేసింది. ఇంట్లో తలుపులు మూసి, నోట్లో తువ్వాలు కుక్కుకుని వంచేవాడు. సారక్క ఇక చాలంటే ఇంకాస్త వంచేవాడు. గడప దాటితే మాత్రం పెళ్లికొడుకు నడకే. పక్క క్వార్టర్ సదయ్య ముందు నుంచి పొద్దునా సాయంత్రం అటూ ఇటూ తిరిగి, నొప్పన్నదే లేదని కోతలు కోసేవాడు.

"ఎందుకయ్య గీ అబద్ధాలు?" అని సారక్క ఒకనాడు నిలదీసింది.

ముత్యం గొంతు తగ్గించాడు. "సదయ్య మోకాళ్లు నాకంటె ఖరాబైనయి. ఆపరేషనంటె వణుకుతున్నడు. నేను మొత్తుకున్ననంటె వాడు ఇగ మంచం దిగడు."

సారక్క ఆయన చేతిలో ఓడిపోయినందుకు మొదటిసారి సంతోషించింది.

కొన్ని నెలలకు సదయ్యకూ అదే దవాఖానలో, అదే కంప్యూటర్ సాయంతో ఆపరేషన్ అయింది. మత్తు దిగీ దిగగానే ముత్యాన్ని పట్టుకున్నాడు. "నొప్పే ఉండదంటివి గదరా?"

"ఉంటదంటె వచ్చెటోనివా?" అంటూ ముత్యం అతని చెయ్యి పట్టుకున్నాడు.

నర్సు వచ్చి, చూడవచ్చినవాళ్ల టైం అయిపోయిందని, బయటికి వెళ్లమంది. ముత్యం కుర్చీని మంచానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.