మల్లి మేకల నర్సరీ

మల్లిది చివరి బెంచీ. తర్లుపాడు వైపు నుంచి బస్సులో వస్తుంది, అదీ మొదటి పీరియడ్ సగం అయ్యాక. తండ్రి గురవయ్యకు అరవై మేకలు. వాటిని దొడ్డిలోంచి వదిలితేగానీ ఆమె మార్కాపురం బయల్దేరదు. మా చిన్న కాలేజీలో సహజ వనరుల సంరక్షణ చెప్పేది నేను, ప్రియదర్శినిని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

మొదటి రోజే "అడవికి మొదటి శత్రువు మేక" అని నోట్సు చెప్పాను. అందరూ రాసుకున్నారు.

"మేడమ్, మాకు అరవై ఉండాయి. అన్నీ శత్రువులేనా?" అంది మల్లి. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు.

పోయిన సెమిస్టరులో మల్లి రెండు పేపర్లు తప్పింది. ఈసారి నా పేపరూ తప్పితే చదువు చాలించి మంద వెనక రమ్మని గురవయ్య తేల్చేశాడు. అందుకే నేనిచ్చిన ప్రాజెక్టు మీద ప్రాణం పెట్టుకుంది. తలా ఇరవై సంచుల్లో తుమ్మ గింజలు వేసి, నలభై రోజుల్లో మొక్కలు చూపించాలి.

నలభయ్యో రోజు వరండా నిండా ఉత్త మట్టి సంచులే. మల్లివి మాత్రం ఇరవైకి పంతొమ్మిది పచ్చగా నిలబడ్డాయి.

"ఏ నర్సరీలో కొన్నావు?"

"కొనలేదు మేడమ్. గింజలు మా దొడ్డిలో ఏరుకొచ్చినాను."

"పైగా అబద్ధాలా! సున్నా వేస్తాను."

మల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది, నోరు మాత్రం మూయలేదు. "వచ్చి చూసినాక వేసుకోండి మేడమ్."

శనివారం వెళ్లాను, దొంగను పట్టుకుందామనే. గురవయ్య దొడ్డిలో ఒక మూల ఊడ్చి చూపించాడు. పెంటికల మధ్య కుప్పగా తుమ్మ గింజలు.

"కాయలు తింటాయమ్మా. నెమరేస్తా గింజలు ఉమ్మేస్తాయి. కడుపులో నానిన గింజ బిరీన మొలుస్తాది. చెట్టు కింద ఏరింది ఊరికే యాడ మొలుస్తాది? మేకలు చెట్టు కొరుకుతాయి, కాదనను. మొలిపించేదీ అవే."

గింజల్ని వేడినీళ్లలో నానబెట్టి వేయాలని నా పుస్తకంలోనూ ఉంది. పిల్లలకు చెప్పడం నేనే మర్చిపోయాను. ముక్కు మీది కోపం ఆ దొడ్డిలోనే దిగిపోయింది.

ప్రాజెక్టుకు పూర్తి మార్కులు వేశాను. అంతటితో అయిపోతే నా పరువు దక్కేది. తర్వాతి వారం పరీక్షలో అడవికీ మేకకూ సంబంధం రాయమని అడిగాను. మల్లి నా నోట్సే పొల్లు పోకుండా దించింది: అడవికి మొదటి శత్రువు మేక.

"ఇదేంటి మల్లీ? నీకు తెలిసింది రాయొచ్చుగా!"

"నాకు తెలిసింది చెప్తే సున్నా అన్నారు గదా మేడమ్."

సిగ్గుతో చచ్చిపోయాను. మరుసటి రోజు అందరిచేతా ఆ వాక్యం కొట్టేయించి, సుద్దముక్క మల్లి చేతిలో పెట్టి, ఆమె చివరి బెంచీలో నేను కూర్చున్నాను. మల్లి గొంతు సవరించుకుని, క్లాసంతా ఒకసారి చూసి, నా దగ్గర ఆగింది.

"మీరు గూడా రాసుకోండి మేడమ్."