బావకు కట్టిన గుండె పట్టీ

ఆ రోజు విమానం కూలలేదు. మా బావ పరువు కూలబోయింది. కూల్చబోయింది నేను.

మా అక్క భర్త రాజన్న బావ చంద్రపూర్‌లో విమానం నడపడం నేర్పేవాడు. అక్కడికి ఒక చిన్న విమానాన్ని తెచ్చారు. గాల్లో పైలట్ ఎటు చూస్తాడు, ఎప్పుడు కంగారుపడతాడు, ఎక్కడ పొరబడతాడు అని పరిశోధించడానికి దాన్ని ప్రత్యేకంగా తయారుచేశారు. కళ్లను కనిపెట్టే కెమెరాలు, ఛాతీకి కట్టే గుండె పట్టీ, వెనక సీట్లో కంప్యూటర్. ఆ కంప్యూటర్ ముందు నేను. మనస్తత్వశాస్త్రం చదివానని బావే ఆ పని ఇప్పించాడు. విమానమంటే నాకు భయమని ఆయనకు చెప్పలేదు.

పట్టీని ముందు నేను కట్టుకోవాలి. తెర మీద గీత కదిలితే విప్పి పైలట్‌కు కట్టాలి. అదీ పద్ధతి.

"ఎండ ముదురుతుంది బామ్మర్దీ, జల్ది కట్టు" అన్నాడు బావ.

పెట్టెలో చేతికందిన పట్టీ తీసి ఆయనకు కట్టేశాను.

బావ సైకిల్ మీద బజారుకు పోతున్నట్టు నడిపాడు. "ఘుగ్గుస్ సిమెంటు ఫ్యాక్టరీ పొగ ఇటు మళ్లింది సూడు. గాలి మారింది" అన్నాడు. తెర మీద గీత మాత్రం కుక్క తరిమిన మేకలా గెంతుతోంది.

దిగాక కంప్యూటర్ తెచ్చి షెడ్డులో టేబుల్ మీద పెట్టాను. హైదరాబాద్ నుంచి వచ్చిన పరిశోధకురాలు, మా మేడం, తెర మీది గీతను చూశారు.

"పైకి ఇంత నెమ్మదిగా ఉన్నారంటే, లోపల ఎంత భయం అణచుకున్నారో."

"నాకు భయమైతలేదు మేడం" అన్నాడు బావ.

"ఒప్పుకోకపోవడం కూడా లక్షణమే."

చదివినవాణ్ని కదా, నేనూ ఊరుకోలేదు. "చిన్నప్పటి దెబ్బ ఏదో ఉండి ఉంటుంది మేడం."

బావ నావైపు తిరిగాడు. "చిన్నప్పుడు నన్ను కొట్టింది మీ అక్కనే."

మేడం నవ్వలేదు. "ఈయన విమానం నడపడానికి పనికిరారని రాయాల్సి వస్తుంది" అన్నారు.

బావకు తెలిసిన పని అదొక్కటే. పట్టీ విప్పి టేబుల్ మీద పెట్టాడు. గీత ఆగలేదు. ఇంకా పైకి లేచింది.

ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. టేబుల్‌కు గుండె ఉంటుందని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

బావ నెమ్మదిగా అన్నాడు: "బామ్మర్దీ, అంగీ విప్పు."

పరీక్షకని కట్టుకున్న మొదటి పట్టీ పొద్దుటి నుంచీ నా ఛాతీ మీదే ఉంది.

బావ ఉద్యోగం నిలిచింది. తర్వాత ఏ పెళ్లిలో కనబడినా, దూరం నుంచే అదే మాట అనేవాడు. వడ్డించేవాళ్లు గరిటె ఆపి నన్ను చూసేవారు.

ఈ మధ్యే బావ పోయాడు. ఆ మాట అనడానికి ఇప్పుడు ఎవరూ లేరు. కాబట్టి అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీద ఎవరినైనా పిరికివాడు అనేముందు, నా అంగీ నేనే విప్పి చూసుకుంటాను.